జడ వేసే కూతురు

ఆ ఇంట్లో ఇద్దరాడపిల్లలు. ఒకతె పెద్దది, ఇంకొకతె చిన్నది. పేర్లు పెట్టకపోలేదు, ఆ పేర్లతో పిలిచే తీరిక ఎవరికీ లేకపోయిందంతే. ఇద్దరికీ కొన్ని నెలలే తేడా. చిన్నది ఆ ఇంటి అమ్మ కన్నబిడ్డ. పెద్దది ఆమె అక్క కూతురు. అక్క జ్వరంతో పోయింది, బావ ఇంకో కాపురం పెట్టుకుని మొహం చాటేశాడు, పాకే పిల్ల వచ్చి పిన్ని చంకెక్కింది. అప్పటినుంచీ ఆ చంక ఎవరిదని ఇద్దరూ పోట్లాడుకుంటూనే పెరిగారు. అదేదో పగ అనుకోకండి. ఒకే దుప్పట్లో పడుకునేవాళ్ళు, ఒకే దువ్వెన వాడుకునేవాళ్ళు. ఒకరి మీద ఒకరు చాడీలు చెప్పి, ఆ చాడీలు నమ్మినవాళ్ళని మళ్ళీ ఇద్దరూ కలిసి తిట్టేవాళ్ళు.

కాలేజీ చూడ్డానికి వెళ్ళే ముందు ఆ ఇంట్లో రోజూ ఒక నాటకం నడిచింది.

సంగతేమిటంటే, ఊరి చివర ఇంజనీరింగ్ కాలేజీ ఒకటి ఏడాదికోసారి గేట్లు బార్లా తెరిచి, రండి, తిరగండి, చూడండి అంటుంది. పొద్దున క్లాసులూ వర్క్‌షాపులూ చూపిస్తారు. మధ్యాహ్నం ప్రిన్సిపాలు ఒక గదిలో కూర్చుని, ఫీజు కట్టలేని పిల్లలతో మాట్లాడతాడు. పేటకి ఒకరిని ఏరి ఫీజులేని సీటిస్తారు. వీళ్ళుండే ఫ్యాక్టరీ పేటకీ అంతే, ఒక్కటే. ఆ ఒక్కదాని మీదే చిన్నది ఆశలన్నీ పెట్టుకుంది. మార్కులు చాలామందికి ఉంటాయి, ఆ గదిలో ఎలా మాట్లాడావన్నదే లెక్క. అంటే లేనివాడు తన ఏడుపు ఎంత అందంగా ఏడవగలడో చూసి, ముచ్చటపడి ఇచ్చే సీటు. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు ముఖాముఖి.

అందుకని సాయంత్రాలు వంటింట్లో రిహార్సల్సు. పెద్దది పీట మీద కూర్చుని ప్రిన్సిపాలయ్యేది. చేతిలో గరిటె పట్టుకుని, లేని కళ్ళజోడు ముక్కు మీదకి తోసుకునేది.

"ఊఁ. చెప్పమ్మా. నీ గురించి చెప్పు."

"నమస్కారమండీ. మా అమ్మ అట్టపెట్టెల ఫ్యాక్టరీలో..."

"ఆగాగు. నమస్కారం అలాగేనా పెట్టేది? పాలు వద్దని పాలవాణ్ణి పంపించేస్తున్నట్టుంది."

"నువ్వు ప్రిన్సిపాలువా, అత్తగారివా?"

"ఎదురు మాట్లాడుతున్నావ్. సీటు లేదు, పో."

పొయ్యి దగ్గర అమ్మ నవ్వేది. చిన్నదానికి నవ్వొచ్చేది కాదు. ఆ పిల్లకి బుర్ర ఉంది గాని నోరు లేదు. లోపల సుళ్ళు తిరిగేదంతా పైకొచ్చేసరికి మాట మీద మాట పడి, అన్నీ కలిసి గుమ్మంలో ఇరుక్కుపోయేవి.

"ఇలా కాదు గాని, నువ్విలా కూర్చో," అంది పెద్దది ఒకరోజు. "నువ్వు ప్రిన్సిపాలు, నేను నువ్వు. ఎలా చెప్పాలో నన్ను చూసి నేర్చుకో."

పెద్దది లేచి నిలబడి చిన్నది అయిపోయింది. తల కొంచెం వంచింది. చేతులు ముందుకి కట్టుకుంది. "మా అమ్మ చేతికి రెండు వేళ్ళు లేవండీ," అని మొదలుపెట్టి, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగి, ఎక్కడ గుటక వెయ్యాలో అక్కడ గుటక వేసింది. పీట మీద కూర్చున్న చిన్నదానికే కళ్ళు చెమర్చాయి. తన కథ ఇంకొకరి నోట అంత బాగుంటుందని ఆ పిల్ల ఎన్నడూ అనుకోలేదు. "ఇంకోసారి చెప్పవే అక్కా," అని అడిగి మరీ చెప్పించుకుంది. తర్వాత్తర్వాత తప్పెక్కడ జరిగిందని తనని తాను తవ్వుకుంటే, ఆ పీట దగ్గరే గునపం తగిలేది.

అమ్మ చెయ్యి సంగతి చెప్పుకోవాలి. ఫ్యాక్టరీలో అట్టలు కోసే మెషిన్‌కి రెండు బటన్లుంటాయి, ఈ పక్కొకటి, ఆ పక్కొకటి. రెండు చేతులతో రెండూ కలిపి నొక్కితేనే కత్తి దిగాలి. చేతులు బటన్ల మీదుంటే కత్తి కింద ఉండవు, అదీ ఏర్పాటు. కాని రెండు చేతులూ అక్కడే పెడితే అట్ట లోపలికి తొయ్యడం ఆలస్యం. ఆలస్యమైతే పెట్టెలు తగ్గుతాయి. అందుకని ఒక బటన్‌ని నొక్కిపెట్టి రబ్బరు ముక్కతో కట్టేస్తారు. పనిచేసేవాళ్ళు కట్టరు, సూపర్‌వైజరే కడతాడు, పొద్దున్నే, గోడగడియారానికి కీ ఇచ్చినంత శ్రద్ధగా. ఇక ఒక చెయ్యి బటన్ మీద, ఒక చెయ్యి అట్ట మీద. ఒకరోజు అట్ట మీది చెయ్యి కాస్త లోపలికి వెళ్ళింది. ఫ్యాక్టరీ వాళ్ళు ఆస్పత్రికి పంపారు. కట్టు విప్పాక మళ్ళీ పనిలోకి తీసుకున్నారు. అజాగ్రత్త మనిషి అన్న పేరు మాత్రం ఉంచేశారు.

అప్పటినుంచీ చిన్నదాని బుర్రలో ఒకటే పురుగు. ఒక బటన్ కట్టేస్తే, నేను కదలను పొమ్మని మొండికేసే మెషిన్‌ని చెయ్యలేమా? అది చెయ్యాలంటే చదవాలి. అందుకే ఆ కాలేజీ, అందుకే ఆ సీటు.

ఇంకో సంగతి కూడా ఉంది. వేళ్ళు పోయాక అమ్మ తన జడ తాను వేసుకోలేదు. పాయలు పట్టు దొరక్క జారిపోతాయి. తెల్లవారగానే షిఫ్టుకి ముందు గుమ్మంలో కూర్చుంటుంది. చిన్నది వెనక నిలబడి బిగించి అల్లి, చుట్టచుట్టి పిన్నులు పెడుతుంది. మెషిన్ల మధ్య వదులు జుట్టుతో తిరిగితే వేళ్ళతో పోదు. పెద్దది కూడా ఒకసారి ప్రయత్నించి, "నీ జుట్టు నా మాట వినదు పిన్నీ," అని దువ్వెన వదిలేసింది.

రిహార్సల్లో చిన్నది ఈ జడ సంగతి చెప్పబోతే పెద్దది గరిటె అడ్డం పెట్టింది.

"అది ఎత్తకే. మరీ ఏడుపుగొట్టు సినిమాలా ఉంది. పెద్దవాళ్ళకి చిరాకేస్తుంది."

"సరే, బటన్ సంగతి?"

ఈసారి పొయ్యి దగ్గర నుంచి అమ్మ అంది. "అదీ వద్దు."

"అసలు సంగతి అదే కదమ్మా."

"అసలు సంగతులు ఇంట్లో మాట్లాడుకుంటారు. బయట కాదు."

పెద్దదానికి సీటు మీద ఆశ లేదనే అందరూ అనుకున్నారు. అలాగని తనే చెప్పింది. "చదువు నా ఒంటికి పడదు తల్లీ. బట్టల షోరూములో చేరతా. ఏసీలో నిలబడి రోజంతా అద్దంలో నన్ను నేను చూసుకుంటా. ఆ సీటు నీది," అని చిన్నదాని నెత్తి మీద చెయ్యేసి మరీ చెప్పింది. తోడుగా మాత్రం వస్తానంది.

ముగ్గురూ బస్సెక్కి వెళ్ళారు. అమ్మ సెలవు పెట్టింది. వేళ్ళు పోయిన కుడిచేతి మీద సంచి వేలాడేసుకుంది, అది కొత్తవాళ్ళ దగ్గర ఆమెకి అలవాటు.

కాలేజీ ఆ రోజు కడిగిన కంచంలా ఉంది. మెట్ల మీద నీళ్ళింకా ఆరలేదు. గోడలకి కొత్త సున్నం, కుండీల్లో నిన్న పెట్టిన మొక్కలు. బడిలో లెక్కల టీచరు చిన్నదానికి ముందే చెప్పి పంపింది. "గోడలు చూసి మురిసిపోయి రాకు. పనిముట్లు చూడు. అరిగాయో లేదో చూడు. అరక్కుండా మెరుస్తున్నాయంటే పిల్లల్ని ముట్టుకోనివ్వట్లేదని. పెద్దవాళ్ళు పక్కన లేనప్పుడు అక్కడ చదివే పిల్లల్ని కదిలించు. ఒక్క రోజు దొరికింది, పిండుకుని రా."

చిన్నది పిండుకుంది. లైబ్రరీలో బల్లల కింద వంగి చూసింది. ల్యాబులో స్క్రూడ్రైవర్ల మొనలు గోటితో తడిమింది. దారి చూపిస్తున్న విద్యార్థి ఎప్పుడు పక్కకి తిరిగినా ఎవరో ఒకరిని పట్టుకుని, "నిజంగా చెప్పక్కా, ఈ మెషిన్ మీతో నడిపిస్తారా?" అని అడిగింది. అమ్మకి కాళ్ళు నొప్పులొచ్చి మేడ మీద వరండాలో బెంచీ చూసుకుని కూర్చుంది. పెద్దది మెట్ల దగ్గరి బల్ల వెనక ముఖాముఖికి పేర్లు రాసుకుంటున్న అమ్మాయితో కబుర్లలో పడింది. "నువ్వెళ్ళి తిరుగు, నీ వంతొస్తే నేను పిలుస్తాగా," అంది.

వర్క్‌షాపు చివర, కిటికీ పక్కన, ఒక ప్రెస్సు మెషిన్ కనపడగానే చిన్నది ఠక్కున ఆగిపోయింది. రెండు బటన్లు. ఈ పక్కొకటి, ఆ పక్కొకటి. దాని దగ్గర నూనె మరకల కోటులో ఒక ఇన్‌స్ట్రక్టరు స్టూలు మీద కూర్చుని టీ తాగుతున్నాడు.

"సార్, ఇందులో ఒక బటన్ కట్టేస్తే నడుస్తుందా?"

ఆయన గ్లాసు కింద పెట్టాడు. "ఎందుకు కట్టేస్తావ్?"

"నేను కాదు సార్. కట్టేస్తారు."

ఆయన జేబులోంచి గుడ్డ తీసి ఒక బటన్‌ని నొక్కి కట్టాడు. రెండోది నొక్కాడు. మెషిన్ ఉలకలేదు పలకలేదు. గుడ్డ విప్పి, రెండు చేతులతో కలిపి నొక్కాడు. దభీమని దిగింది.

"రెండూ ఒక్కసారే నొక్కాలి, ప్రతిసారీ రెండూ వదలాలి. లేకపోతే కదలదు," అని మెషిన్ పక్కనున్న డబ్బా చూపించాడు. టిఫిన్ గిన్నెంత ఉంది. "ఇదీ, అంతే."

"ఇది కొత్తగా కనిపెట్టారా సార్?"

"కొత్తా? నాకు పెళ్ళి కాకముందు నుంచీ ఉంది. ఏ పాత మెషిన్‌కైనా బిగించుకోవచ్చు. మనసుండాలి, అంతే."

చిన్నది ఆ డబ్బా వంక చూస్తూ ఉండిపోయింది. తను పెద్దయ్యాక కనిపెడదామనుకున్నది ఇక్కడ కిటికీ పక్కన దుమ్ము కొట్టుకుని ఉంది. కనిపెట్టాల్సిందేమీ లేదు. ఎవడో ఎప్పుడో కనిపెట్టి ఇచ్చాడు. వీళ్ళు తెచ్చుకోలేదు. అమ్మ వేళ్ళు టిఫిన్ గిన్నెంత డబ్బాకి పోయాయి. పిల్లకి ఒళ్ళు మండిపోయింది. ఈ సంగతి అమ్మకి ఇప్పుడే, ఈ క్షణమే చెప్పాలని మేడ మెట్లు రెండేసి ఎక్కుతూ పరిగెత్తింది.

వరండాలో అమ్మ బెంచీ మీద ఉంది. పక్కన గది తలుపు ఓరగా తీసి ఉంది. లోపలినుంచి మాట వినపడుతోంది.

"...మా అమ్మ చేతికి రెండు వేళ్ళు లేవండీ."

చిన్నదాని కాళ్ళు అక్కడే అతుక్కుపోయాయి. అది పెద్దదాని గొంతు. ఆ ఆగడం, ఆ గుటక, అన్నీ తెలిసినవే. తెలియంది ఒకటే. పెద్దది పుట్టి బుద్ధెరిగి ఆమెని పిన్నీ అనే పిలిచింది, వంటింటి నాటకంలో తప్ప ఒక్కనాడూ అమ్మ అనలేదు.

"ప్రమాదం జరిగిందండీ. ఎవరి తప్పూ కాదు. ఫ్యాక్టరీ వాళ్ళు దేవుళ్ళలా ఆదుకున్నారు. ఇప్పటికీ పనిచేసుకుంటోంది. రోజూ పొద్దున్న అమ్మ జడ నేనే వేస్తానండీ. తన చేత్తో వేసుకోలేదు కదా. ఆ జడ వేసేటప్పుడల్లా అనుకుంటాను, బాగా చదువుకోవాలని."

చిన్నది తలుపు వైపు ఒక అడుగు వేసింది. బెంచీ మీద నుంచి అమ్మ చెయ్యెత్తింది. సంచి జారింది. మిగిలిన వేళ్ళలో ఒకటి పెదాల మీద పెట్టుకుని, ఉష్, అంది.

అమ్మ అంతా విన్నది. మొదటినుంచీ వింటూ కూర్చుంది.

లోపలినుంచి ప్రిన్సిపాలు పిలిచాడు. "అమ్మగారు వచ్చారా? ఒకసారి లోపలికి రమ్మను."

అమ్మ లేచి వెళ్ళింది. తలుపు ఇంకాస్త తెరుచుకుంది. బల్ల వెనక ముగ్గురున్నారు. కళ్ళజోడు ప్రిన్సిపాలు, పక్కన ఒక మేడమ్, ఆ పక్కన అట్టపెట్టెల ఫ్యాక్టరీ మేనేజరు. పేట సీటుకి ఫీజు కట్టేది ఫ్యాక్టరీయేనన్న సంగతి చిన్నదానికి అప్పుడు తెలిసింది. చేతులు తీసుకుని సీట్లిస్తారన్నమాట.

"కూర్చోమ్మా," అన్నాడు ప్రిన్సిపాలు. ఆయన గొంతు నిజంగానే మెత్తబడి ఉంది. "ఈ అమ్మాయేనా రోజూ మీ జడ వేసేది?"

అమ్మ పెద్దదాన్ని చూసింది. పెద్దది నేల చూస్తోంది. అమ్మ మేనేజర్ని చూసింది. తలుపు సందులో నిలబడ్డ చిన్నదాన్ని చూసింది, ఎక్కువసేపు చూడలేదు.

"అవునండీ," అంది. "తనే."

తర్వాత చిన్నదాన్ని పిలిచారు. లోపలికి వెళుతుంటే పెద్దది ఎదురొచ్చి, మొహం తిప్పుకుని, గోడకి రాసుకుంటూ వెళ్ళిపోయింది. అమ్మ ఆగి ఏదో అనబోయింది. చిన్నది ఆగలేదు.

"చెప్పమ్మా. నీ గురించి చెప్పు," అన్నాడు ప్రిన్సిపాలు, అచ్చం గరిటె పట్టుకున్న పెద్దదానిలాగే.

"మా అమ్మ ఫ్యాక్టరీలో కోత మెషిన్ మీద చేస్తుందండీ. మా అమ్మ చెయ్యి..."

మేడమ్ ప్రిన్సిపాలు వంక చూసింది. ప్రిన్సిపాలు నొచ్చుకున్నట్టు తల ఊపాడు.

"చూడమ్మా. మీరిద్దరూ కలిసి వచ్చారని కింద చెప్పారు. స్నేహితురాళ్ళో చుట్టాలో నాకు తెలీదు. కాని ఆ కథ ఆ అమ్మాయిది. వాళ్ళమ్మని మేం కళ్ళారా చూశాం. నువ్వు నీది చెప్పు."

తలకొట్టేసినట్టయింది. నాది అదే సార్, అని అరవొచ్చు. అరిస్తే అమ్మని మళ్ళీ పిలుస్తారు. పిలిస్తే అమ్మ ఏం చెబుతుందో చిన్నదానికి తెలుసు. ఒకసారి అవునన్న మనిషి ఆ మేనేజరు ముందు కాదనదు. అప్పుడు ఆ గదిలో దొంగ ఎవరు?

మేనేజరు బిస్కెట్టు టీలో ముంచుకుంటున్నాడు.

అప్పుడు చిన్నదానికి ఒకటి తట్టింది. తను ఇప్పుడు ఎవరి కూతురూ కాదు. ఏం మాట్లాడినా ఎవరి ఉద్యోగమూ పోదు. ఎన్నాళ్ళుగానో గుమ్మంలో ఇరుక్కున్న మాటలు వరసలో నిలబడ్డాయి.

"అయితే నాకు చెప్పుకోడానికి కథేమీ లేదండీ. ఒకటి అడుగుతాను. కోత మెషిన్‌కి రెండు బటన్లుంటాయి. ఫ్యాక్టరీలో ఒకటి రబ్బరుతో కట్టేస్తారు. అందుకే వేళ్ళు పోతాయి. కింద మీ వర్క్‌షాపులో ఒక డబ్బా ఉంది, అది బిగిస్తే కట్టెయ్యడం కుదరదు. మీ పిల్లలకి దాని మీద పాఠం చెబుతారు. ఈయన మీ బల్ల దగ్గరే కూర్చున్నారు. ఈయనకి ఎవరూ చెప్పలేదా?"

బిస్కెట్టు విరిగి టీలో పడిపోయింది.

"బటన్ కడతారని నీకెవరు చెప్పారు?" అన్నాడు మేనేజరు. నవ్వుతూనే అన్నాడు.

"పేటలో ఎవర్నైనా అడగండి."

"మీ అమ్మ మా దగ్గరే చేస్తుందన్నావ్. ఎవరు?"

"మా అమ్మ ఎవరైతే మీకెందుకండీ. చెయ్యి పోయినావిడ మాత్రం నాకేమీ కాదు. ఇప్పుడే తేల్చారు కదా."

మేనేజరు ప్రిన్సిపాలు వైపు తిరిగాడు. "చురుకైన పిల్ల. చదువుకుని వచ్చి నువ్వే బిగించమ్మా ఆ డబ్బా," అని, నవ్వడం పూర్తయ్యాక, చేతిగడియారం చూసుకున్నాడు. ప్రిన్సిపాలు గొంతు సవరించుకుని, ఇక వెళ్ళమన్నాడు.

సాయంత్రం హాల్లో అందరినీ కూర్చోబెట్టి చదివారు. ఫ్యాక్టరీ పేట సీటు పెద్దదానికి. ఆ పిల్ల స్టేజి ఎక్కి, చేతులు ముందుకి కట్టుకుని, తల కొంచెం వంచింది. అది చిన్నది నిలబడే తీరు. దిగేటప్పుడు కూడా మానలేదు.

బస్సులో పెద్దది కిటికీ పక్క సీటు పట్టి ఉంచి, "రావే, కూర్చో," అంది. చిన్నది రాడ్డు పట్టుకుని నిలబడింది.

"నిన్నే. పడతావ్, కూర్చో."

"జడ సంగతి చెప్పొద్దన్నావు కదే."

పెద్దది కిటికీలోంచి బయటికి చూసింది. "నువ్వు ఎలాగైనా చదువుతావే. బుర్రుంది. ఇక్కడ కాకపోతే ఇంకోచోట. నాకేముంది? నీకు అమ్మ ఉంది. నాకు పిన్ని ఉంది. ఒక్క పూట మార్చుకుంటే అరిగిపోతుందా?"

"షోరూమో?"

"షోరూములో చేరాలని ఎవరికైనా ఉంటుందా? మీ ముందు ఇంకేమనను?"

అది నిజమే అయ్యుండొచ్చు. నిజమైతే ముందే, వంటింట్లోనే అనాల్సింది. ఇద్దరూ నిలబడి ఎవరిది వాళ్ళు చెప్పుకునేవాళ్ళు.

స్టాపులో దిగి నడుస్తుంటే అమ్మ వెనకబడి చిన్నదాని పక్కకి వచ్చింది.

"ఆ పిల్లని అంతమందిలో దొంగని చెయ్యమంటావా?"

"నన్ను చేశావు కదా."

అమ్మ సంచి ఇంకో చేతికి మార్చుకుంది. "మేనేజరు గారు అక్కడే ఉన్నారు. నువ్వయితే బటన్ సంగతి ఎత్తుతావ్. అది ఎత్తదు. నాకు ఈ ఉద్యోగం తప్ప ఇంకేముంది? ఈ చేత్తో నన్నెవరు పెట్టుకుంటారు?"

"ఎత్తాను. ఎత్తేశాను అమ్మా."

అమ్మ అడుగు తడబడింది. "నా పేరు చెప్పావా?"

చిన్నది ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నట్టు ఆగి, అమ్మ మొహంలోకి చూసింది. సీటు పోయిందా అని అడగలేదు. బాధపడ్డావా అని అడగలేదు.

"లేదు. నువ్వెవరో నాకు తెలీదని చెప్పాను."

తెల్లవారింది. అమ్మ ఎప్పటిలాగే గుమ్మంలో కూర్చుని, దువ్వెన భుజం మీదుగా వెనక్కి చాచింది. దాన్ని ఎవరూ అందుకోలేదు.

"చిన్నదానా, షిఫ్టు టైమవుతోంది."

"నీ జడ వేసే కూతురు లోపలుంది. పిలువు."

లోపల గిన్నెల చప్పుడు ఆగింది. పెద్దది తడిచేతులు తుడుచుకుంటూ వచ్చి దువ్వెన తీసుకుంది. పాయలు విడదీసింది, జారిపోయాయి. మళ్ళీ పట్టుకుంది, ఒక పక్క లావు, ఒక పక్క సన్నం. "ఉండు పిన్నీ, ఉండు," అంటూ అల్లింది. అల్లినంత మేరా పైనుంచి వదులవుతూ వచ్చింది. ఫ్యాక్టరీ కూత మొదలైంది. "చాల్లే," అని అమ్మ ఆ జుట్టంతా కూడగట్టి ఒక రబ్బరు బ్యాండు వేసుకుని లేచి వెళ్ళిపోయింది.

చిన్నది అరుగు మీద నుంచి చూస్తోంది. వీధిలో ఆడవాళ్ళందరూ గేటు వైపు గబగబా పోతున్నారు. అందరి తలలూ బిగించి చుట్టి ఉన్నాయి. అమ్మ జుట్టు ఒక్కటే వీపు మీద ఊగుతోంది. పది అడుగులకే బ్యాండు జారింది. అమ్మ చెయ్యి వెనక్కి పెట్టి తడుముకుంది, ఆ వేళ్ళకి దొరకలేదు.

చిన్నది తిట్టుకుంటూ లేచింది. పెద్దదాని చేతిలోంచి దువ్వెన లాక్కుని, పిన్నులు పళ్ళ మధ్య పెట్టుకుని, వీధిలో పరిగెత్తింది. గేటు దగ్గర అమ్మని భుజం పట్టి ఆపి వెనక్కి తిప్పింది. జనం పక్కనుంచి పోతూనే ఉన్నారు. తల వెనక్కి గుంజి, ఇదివరకెన్నడూ లేనంత గట్టిగా అల్లింది. అమ్మ నొప్పికి ఒకసారి ఊపిరి పీల్చింది గాని వద్దనలేదు. చుట్టచుట్టి, పిన్నులు ఒక్కొక్కటే గుచ్చింది.

"నా మీద కోపం పోయిందా?" అంది అమ్మ, తిరక్కుండానే.

"ఇది మెషిన్ కోసం," అంది చిన్నది. "నీ కోసం కాదు."

అమ్మ గేటు లోపలికి వెళ్ళింది. లోపల ఎక్కడో సూపర్‌వైజరు రబ్బరు ముక్కతో బటన్లు కట్టుకుంటూ వస్తుంటాడు. చిన్నది దువ్వెనకి చిక్కిన వెంట్రుకలు తీసి పారేసి, పోతున్న ఆడవాళ్ళ చేతులు ఒక్కొక్కరివే చూస్తూ, గేటు మూసేదాకా అక్కడే నిలబడింది.